ఓజీఎల్ పేజీ ఉంచాలా, తీసేయాలా? పాత అడ్వెంచర్‌ని మళ్లీ విడుదల చేసే ముందు ఒక సందేహం

#1 చివరిగది

అందరికీ నమస్కారం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే రోల్‌ప్లేయింగ్ ఆట కోసం 2019లో నేను రాసి పీడీఎఫ్‌గా పెట్టిన అడ్వెంచర్ ఒకటి ఉంది, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుంటూ ఆడే కథ. 48 పేజీలు. ఎండిపోయిన బావి అడుగున మొదలై భూమి లోపలికి మూడు అంతస్తులు దిగే కథ, ఐదో ఎడిషన్ రూల్స్ మీద నడుస్తుంది. ఇప్పుడు మ్యాపులన్నీ మళ్లీ గీసి, తప్పులు దిద్ది, కొత్తగా విడుదల చేద్దామని కూర్చున్నాను. కథ దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. చివరి పేజీ దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

ఆ పేజీ నిండా ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఓజీఎల్) 1.0ఎ ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అడుగున సెక్షన్ 15 కింద ఐదు కాపీరైట్ లైన్లు, ఐదోది నాది. అప్పట్లో అందరూ ఆ పేజీ పెట్టేవారు, నేనూ పెట్టాను. 2023 జనవరిలో అంత గొడవ జరిగాక దాన్ని చూస్తే టెన్షన్‌గానే ఉంటుంది. ఇలాగే ఉంచమంటారా? క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్స్‌కి మారమంటారా? లేక ఓఆర్‌సీ లైసెన్స్‌కి వెళ్లాలా? ఈ దారుల్లో నడిచినవాళ్లు కాస్త చెప్పండి.

#2 కొత్తపాచిక

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఆడటం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. 2023 గొడవ అని అందరూ అంటుంటే వింటున్నాను కానీ, అసలు ఓజీఎల్ అంటే ఏమిటో, దాన్ని ఎవరు ఎందుకు పెట్టారో తెలియదు. మొదటినుంచి ఎవరైనా చెప్తారా?

#3 పాతకోట

నేను చెప్తాను, కొత్తపాచిక గారూ. మూడో ఎడిషన్ పుస్తకాలు కొత్తగా వచ్చిన రోజుల నుంచీ ఆడుతున్నవాణ్ని.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాశారు, టీఎస్ఆర్ అనే కంపెనీ వేసింది. ఆ కంపెనీ అప్పుల్లో మునిగిపోతే 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది, రెండేళ్లకి విజార్డ్స్‌ని హాస్బ్రో కొనుక్కుంది. 2000లో మూడో ఎడిషన్‌తో పాటే ఓజీఎల్ పుట్టింది. దాని వెనక ముఖ్యంగా ఉన్న మనిషి రయన్ డ్యాన్సీ. ఆయన లెక్క తేలిగ్గానే అర్థమవుతుంది. అడ్వెంచర్ పుస్తకాన్ని ఆట నడిపే డంజన్ మాస్టర్ ఒక్కడే కొంటాడు, రూల్స్ పుస్తకాన్ని టేబుల్ చుట్టూ కూర్చున్న అందరూ కొంటారు. కాబట్టి లాభం తక్కువ మిగిలే అడ్వెంచర్లు బయటివాళ్లని రాయనిస్తే, వాళ్లు ఎన్ని రాస్తే అసలు రూల్స్ పుస్తకం అంత అమ్ముడవుతుంది.

ఇందుకోసం కోర్ రూల్స్‌ని సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ అనే పేరుతో విడిగా ఇచ్చారు. మనం ఎస్ఆర్‌డీ అనేది దాన్నే. అందులో ఉన్నదాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో సెక్షన్ 15లో రాయాలి, లైసెన్స్ మొత్తం పుస్తకంలో అచ్చు వేయాలి. కొన్ని పేర్లని, కొన్ని జీవులని మాత్రం ‘ప్రోడక్ట్ ఐడెంటిటీ’ అని పక్కన పెట్టుకున్నారు, వాటిని ముట్టుకోకూడదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ ఆ జాబితాలోవే.

2008లో నాలుగో ఎడిషన్‌కి దాన్ని పక్కన పెట్టి జీఎస్ఎల్ అనే వేరే లైసెన్స్ తెచ్చారు. దాని షరతులు గట్టివి. ఒక ప్రోడక్ట్ లైన్‌ని జీఎస్ఎల్ కిందికి తెస్తే ఆ లైన్‌ని మళ్లీ ఓజీఎల్ కింద వేయకూడదని మొదట్లో ఉండేది. చాలామంది పబ్లిషర్లు వెనక్కి తగ్గారు. పైజో కంపెనీ మూడో ఎడిషన్ ఓజీఎల్ రూల్స్ పట్టుకుని 2009లో పాత్‌ఫైండర్ అనే సొంత ఆట వేసింది. ఓజీఎల్ 1.0ఎ ఇచ్చిన హక్కుతోనే డీ అండ్ డీకి అంత పెద్ద పోటీ లేచి నిలబడింది. ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2016 జనవరిలో దాని ఎస్ఆర్‌డీని మళ్లీ ఓజీఎల్ 1.0ఎ కిందే ఇచ్చారు. చివరిగది గారి అడ్వెంచర్ ఆ కొమ్మకి కాసిందే.

మనసులో మాట చెప్తాను, నాకు సెక్షన్ 15 అంటే ఇష్టం. పాత పుస్తకాల్లో ఆ పేజీ తీస్తే ముప్ఫై నలభై లైన్లు కనిపిస్తాయి. ఎవరి మీద ఎవరు కట్టారో అంతా అక్కడే ఉంటుంది. 2006లో ఓఎస్ఆర్ఐసీ అనే రూల్స్ పుస్తకం వచ్చింది చూడండి, మూడో ఎడిషన్ ఎస్ఆర్‌డీని పట్టుకుని ఎప్పుడో ఆగిపోయిన మొదటి ఎడిషన్ అడ్వాన్స్‌డ్ ఆటని మళ్లీ బతికించారు. పాత ఆటల్ని ఇష్టపడే మాలాంటివాళ్లకి ఆ లైసెన్స్ అంటే ఇంటి పునాది లాంటిది.

#4 నీలిసిరా

పాతకోట గారు ఆపిన చోట నుంచి నేను అందుకుంటాను. ఆ జనవరిలో నేను ఎడిటింగ్ పనిలో ఉన్నాను, తేదీలు కూడా గుర్తున్నాయి.

2022 డిసెంబర్ 21న విజార్డ్స్ వాళ్లు కొత్త ఓజీఎల్ 1.1 వస్తోందని ప్రకటించారు. ఏడాదికి 50,000 డాలర్ల పైన సంపాదించేవాళ్లు లెక్క చెప్పాలి, 7.5 లక్షల డాలర్లు దాటినవాళ్లు రాయల్టీ కట్టాలి. అంతవరకు గొణుగుడే తప్ప పెద్ద గొడవ లేదు. 2023 జనవరి 5న డ్రాఫ్ట్ లీకైంది, గిజ్మోడో అనే వార్తల సైట్‌లో కథనం వచ్చింది. అందులో మూడు విషయాలు అందరి గుండెల్లో రాయి వేశాయి. పాత 1.0ఎ ఇక ‘అధీకృత’ లైసెన్స్ కాదు. 7.5 లక్షలు దాటిన రాబడి మీద 25 శాతం రాయల్టీ, జనం ముందే డబ్బిచ్చే కిక్‌స్టార్టర్ సైట్‌లో అయితే 20. మూడోది, నన్ను నిద్రపోనివ్వనిది: దాని కింద మీరు ఏం రాసినా, డబ్బు ఇవ్వకుండా, ఎప్పటికీ, ప్రపంచంలో ఎక్కడైనా వాడుకునే హక్కు విజార్డ్స్‌కి ఉంటుంది. పైగా ముప్ఫై రోజుల నోటీసుతో షరతులు మార్చే హక్కు కూడా.

మేం అప్పుడు ఒక చిన్న పబ్లిషర్ కోసం మాన్‌స్టర్ల పుస్తకం చేస్తున్నాం. పేరు చెప్పను. 112 జీవులు, బొమ్మలు సగానికి పైగా వచ్చేశాయి. లీక్ వచ్చిన వారానికే అచ్చు ఆపేశామని మెయిల్ వచ్చింది. పని పూర్తిచేసిన ఆర్టిస్టులకి కూడా సగం డబ్బే ఇచ్చారు. నేను ఎడిట్ చేసిన ఫైల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆ పుస్తకం బయటికి రాలేదు. ఆ డ్రాఫ్ట్ ఎప్పుడూ అమల్లోకి రాలేదు కదా, ఎవరికి నష్టం అని కొందరు అంటుంటారు. భయం ఒక్కటే పుస్తకాన్ని ఆపగలదని చెప్పడానికే ఇది రాశాను.

ఆ తర్వాత అంతా గబగబా జరిగింది. జనం విజార్డ్స్ ఆన్‌లైన్ సేవ డీ అండ్ డీ బియాండ్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. 12న పైజో ఓఆర్‌సీ అనే కొత్త లైసెన్స్‌ని ప్రకటించింది, కోబోల్డ్ ప్రెస్, కేయాసియం, గ్రీన్ రోనిన్ లాంటి పబ్లిషర్లు వెంట నిలిచారు. 13న విజార్డ్స్ వెనక్కి తగ్గుతూ ప్రకటన ఇచ్చారు, 19న 1.2 అనే కొత్త డ్రాఫ్ట్, దాని మీద సర్వే. సర్వేకి 15,000 పైచిలుకు మంది జవాబిచ్చారు. 1.2 కింద ప్రచురించడం ఇష్టం లేదన్నవాళ్లు 88 శాతం. 1.0ఎని రద్దు చేయడం నచ్చలేదన్నవాళ్లు 89 శాతం. జనవరి 27న విజార్డ్స్ తేల్చేశారు: 1.0ఎ ఎలా ఉందో అలాగే ఉంటుంది, దాంతోపాటు ఎస్ఆర్‌డీ 5.1 (ఐదో ఎడిషన్ కోర్ రూల్స్) మొత్తాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 (సీసీ బై 4.0, అంటే ఎవరిదో చెప్పి వాడుకోవచ్చు) కింద ఇచ్చేస్తున్నాం అని.

#5 తూర్పుగుమ్మం

కంపెనీ వైపు నుంచి కూడా ఒక్క మాట. 7.5 లక్షల డాలర్లు దాటే పబ్లిషర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గొంతు చించుకున్నవాళ్లలో చాలామందికి ఆ రాయల్టీ ఎప్పటికీ తగిలేది కాదు. ఆట వాళ్లది, పెట్టుబడి వాళ్లది. దాని మీద లక్షలు గడించేవాళ్ల దగ్గర వాటా అడిగితే అన్యాయం ఎలా అవుతుంది? ఏ వ్యాపారంలో అయినా ఇది మామూలే కదా.

#6 నీలిసిరా

తూర్పుగుమ్మం గారూ, వాటా అడగడం తప్పని నేనూ అనను. దేని మీద అడిగారో చూడండి. లాభం మీద కాదు, రాబడి మీద. ఒక చిన్న టీమ్ కిక్‌స్టార్టర్‌లో 10 లక్షల డాలర్లు తెచ్చుకుందనుకుందాం. 7.5 లక్షలు తీసేస్తే మిగిలింది 2.5 లక్షలు, దాని మీద 20 శాతం అంటే 50,000. అదే డబ్బు ఇంకో చోటి నుంచి వస్తే 25 శాతం, 62,500. ఆ 10 లక్షల్లోంచే అచ్చు, కాగితం, బొమ్మలు, షిప్పింగ్, కిక్‌స్టార్టర్ కమీషన్, మనుషుల జీతాలు అన్నీ పోవాలి. ఈ పనిలో చివరికి చేతిలో మిగిలేది చాలాసార్లు ఆ రాయల్టీ అంత కూడా ఉండదు. పుస్తకం బాగా అమ్ముడైతే నష్టం వచ్చే పరిస్థితి అన్నమాట.

వాటా సంగతి పక్కన పెట్టండి. ఇరవై ఏళ్లుగా ఒక మాట నమ్మి ఇల్లు కట్టుకున్నవాళ్లని పిలిచి, స్థలం పత్రం ఇక చెల్లదు, కొత్తదాని మీద సంతకం పెట్టండి అనడం వేరు. కొత్త ఎడిషన్‌కి కొత్త షరతులు పెట్టుకుంటే ఎవరూ నోరెత్తేవారు కాదు. 2008లో జీఎస్ఎల్ తెచ్చినప్పుడు ఇష్టం లేనివాళ్లు పాత లైసెన్స్‌తో వేరే దారి చూసుకున్నారు కదా. ఈసారి ఆ పాత దారినే మూసేయబోయారు.

#7 తూర్పుగుమ్మం

రాబడి, లాభం తేడా నేను సరిగా చూడలేదు, ఒప్పుకుంటున్నాను. కొత్త ఎడిషన్‌కి కొత్త షరతులు పెట్టే హక్కు వాళ్లకి ఉందన్న మాట మాత్రం మార్చుకోను.

#8 తూకంరాయి

నేను లాయర్‌ని కాను, కానీ ఒప్పందాలు చదివి తప్పులు పట్టే పని చాలా ఏళ్లు చేశాను. ఈ గొడవంతా రెండు మూడు పదాల మీద నడిచింది. వాటిని దగ్గరగా చూస్తే చివరిగది గారి ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

1.0ఎలో సెక్షన్ 4 ప్రకారం మీకు ఇచ్చేది శాశ్వతమైన, ప్రపంచవ్యాప్తమైన, రాయల్టీ లేని లైసెన్స్. శాశ్వతం అంటే గడువు తేదీ లేదని. ‘వెనక్కి తీసుకోలేనిది’ అనే పదం అందులో ఎక్కడా లేదు. చదివేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తాయి, ఒప్పందాల్లో ఒకటి కావు. అద్దె ఇల్లు ఎన్నాళ్లైనా ఉండొచ్చు అన్న మాటకీ, మిమ్మల్ని ఎప్పటికీ ఖాళీ చేయించం అన్న మాటకీ ఉన్నంత తేడా ఉంది.

సెక్షన్ 9 ఇంకా ముఖ్యం. విజార్డ్స్ కొత్త వెర్షన్లు తేవచ్చు, మీరు ‘అధీకృతమైన ఏ వెర్షన్‌నైనా’ వాడుకోవచ్చు అని ఉంటుంది. రాసినప్పుడు ఇది మనకి రక్షణ కోసం పెట్టిన వాక్యం. కొత్త వెర్షన్ నచ్చకపోతే పాతదానితోనే ఉండండి అని. విజార్డ్స్ సైట్‌లోనే అప్పట్లో ప్రశ్నలు జవాబుల పేజీ ఉండేది, దాంట్లోనూ ఇదే చెప్పారు. 2023లో మాత్రం అదే ‘అధీకృతమైన’ అన్న పదాన్ని పట్టుకుని, అధీకృతం కాదని ప్రకటించే హక్కు మాకుంది అన్నారు. అది కోర్టులో నిలిచేదా? ఎవరూ కోర్టుకి వెళ్లలేదు, తీర్పు రాలేదు. ఇప్పటికీ ఆ పదం అక్కడే ఉంది. 1.0ఎని ముట్టుకోం అని వాళ్లు మాట ఇచ్చారు కానీ, ఆ లైసెన్స్ అక్షరాన్ని మార్చలేదు.

సీసీ బై 4.0ని పక్కన పెట్టి చూడండి. అందులో ‘వెనక్కి తీసుకోలేనిది’ అని రాసే ఉంది. ఆ లైసెన్స్ రాసింది క్రియేటివ్ కామన్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ, విజార్డ్స్ కాదు. రేపు విజార్డ్స్‌కి మనసు మారినా, చేతులు మారినా, 5.1ని వెనక్కి లాక్కోవడానికి వీల్లేదు. లైసెన్స్ ఎంత ఉదారంగా ఉందని నేను చూడను. దాన్ని మార్చే కలం ఎవరి చేతిలో ఉందని చూస్తాను.

ఇంకొకటి. రూల్స్‌కి కాపీరైట్ లేదు కాబట్టి ఏ లైసెన్సూ అక్కర్లేదు అని కొందరు సలహా ఇస్తారు. అమెరికా కాపీరైట్ చట్టంలో సెక్షన్ 102(బి) పద్ధతులకి, వ్యవస్థలకి రక్షణ లేదంటుంది, నిజమే. ఇరవై ముఖాల పాచిక వేసి ఓ సంఖ్య కలపడం ఎవరి సొత్తూ కాదు. ఆ రూల్‌ని చెప్పిన వాక్యాలకి మాత్రం రక్షణ ఉంటుంది. మెకానిక్ (ఆట నడిచే పద్ధతి) ఎక్కడ ముగుస్తుంది, వాక్యం ఎక్కడ మొదలవుతుంది అన్న గీత ఫైర్‌బాల్ లాంటి స్పెల్ దగ్గర చాలా సన్నగా ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో కోర్టులో తేల్చుకునే డబ్బు మనలాంటివాళ్లకి ఉండదు. లైసెన్స్ పని ఆ ప్రశ్నే రాకుండా చేయడం.

#9 గ్రిడ్‌లైన్

నేను వర్చువల్ టేబుల్‌టాప్‌లకి, అంటే ఈ ఆటని ఆన్‌లైన్‌లో ఆడే సాఫ్ట్‌వేర్‌లకి, మాడ్యూల్స్ రాస్తాను. నా వైపు గాయం వేరు. లీకైన 1.1 అచ్చు పుస్తకాలకి, కదలని డిజిటల్ ఫైళ్లకి మాత్రమే అంది. అంటే నా పని మొత్తం బయటే.

1.2తో పాటు వర్చువల్ టేబుల్‌టాప్ పాలసీ అని విడిగా ఇచ్చారు. అందులో మ్యాజిక్ మిస్సైల్ గురించి ఒక ఉదాహరణ ఉంది, మర్చిపోలేను. టేబుల్ దగ్గర ఆ స్పెల్ వేస్తే మనం ఊహించుకుంటాం. స్క్రీన్ మీద ఆ బాణాలు దూసుకెళ్తున్నట్టు యానిమేషన్ పెడితే అది టేబుల్‌టాప్ అనుభవం కాదు, వీడియో గేమ్ లాంటిది, కాబట్టి కుదరదు అని. అంతకు మూడు నెలల ముందే నేను సరిగ్గా ఆ ఎఫెక్ట్ రాశాను. మూడు చిన్న నీలం గీతలు టోకెన్ నుంచి బయల్దేరి వంపు తిరిగి శత్రువు మీద పడతాయి. కదల్లేని ఒక ఫ్రెండ్ మంచం మీద నుంచే మాతో ఆడేవాడు, అతని కోసం చేశాను. అది చూసి అతను అరిచిన కేక హెడ్‌ఫోన్స్‌లో ఇంకా వినిపిస్తుంది. అది ఆట కాదని ఎవరు చెప్తారు?

సర్వేలో ఆ పాలసీ నచ్చలేదన్నవాళ్లు 86 శాతం. సీసీ కింద 5.1 వచ్చాక ఆ సమస్యే పోయింది, ఏ మాధ్యమంలో అయినా వాడుకోవచ్చు. చివరిగది గారూ, రేపు మీ బావిని ఎవరైనా వర్చువల్ టేబుల్‌టాప్‌లో ఆడాలనుకుంటే సీసీ దారి మంచిది. నా ఓటు దానికే.

#10 పాతకోట

గ్రిడ్‌లైన్ గారి పోస్ట్ చదివి కాసేపు ఆగిపోయాను.

అయినా సీసీ బై గురించి నాకొక బాధ ఉంది. అది ఇచ్చేది ఇచ్చేస్తుంది, తిరిగి ఏమీ అడగదు. ఓజీఎల్‌లో, ఓపెన్ కంటెంట్ మీద మీరు కట్టిన మెకానిక్స్ కూడా ఓపెన్‌గానే ఉండేవి, తర్వాత వచ్చేవాడు వాటిని వాడుకోగలిగేవాడు. సీసీ బైలో ఆ గొలుసు తెగిపోతుంది. పెద్ద కంపెనీ ఎస్ఆర్‌డీని తీసుకుని, దాని మీద మంచి రూల్స్ రాసి, అంతా తాళం వేసుకోవచ్చు.

ఆ గొలుసు కావాలనుకునేవాళ్ల కోసమే ఓఆర్‌సీ ఉంది. పైజో మొదలుపెట్టినా లైసెన్స్‌ని తన చేతిలో పెట్టుకోలేదు. ఆజోరా లా అనే న్యాయ సంస్థ చేత రాయించారు, 2023 జూన్ చివర్లో తుది రూపం వచ్చింది. ఇదీ వెనక్కి తీసుకోలేనిదే. మెకానిక్స్ వాటంతటవే ఓపెన్ అవుతాయి, కథ, పాత్రలు, పేర్లు, బొమ్మలు మీవిగా ఉంటాయి. ఆ రూల్స్ మీద ఎవరు కట్టినా వాళ్ల రూల్స్ కూడా ఓఆర్‌సీ కిందే ఉండాలి. కేయాసియం తన బేసిక్ రోల్‌ప్లేయింగ్‌ని దీని కిందే ఇచ్చింది. బేసిక్ ఫాంటసీ వాళ్లు మరో దారిలో వెళ్లారు. తమ ఆట నాలుగో ఎడిషన్‌లో ఓజీఎల్ పాఠాన్ని తీసేసి, సీసీ బై షేర్‌అలైక్‌కి (మార్చి వేసేవాళ్లూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలనే రకం) మారారు. ఆ పని చేయడానికి పుస్తకం మొత్తాన్ని వాక్యం వాక్యం జల్లెడ పట్టారు.

#11 నీలిసిరా

జల్లెడ అంటే ఎలా ఉంటుందో పాత్‌ఫైండర్ రీమాస్టర్‌లో, అంటే సవరించి మళ్లీ వేసిన పుస్తకాల్లో, చూడొచ్చు. 2023 నవంబర్‌లో ప్లేయర్ కోర్, జీఎం కోర్ ఓఆర్‌సీ కింద వచ్చాయి. పాత ఎస్ఆర్‌డీ వాసన ఉన్న ప్రతి మాటా మార్చారు. మ్యాజిక్ మిస్సైల్ ‘ఫోర్స్ బ్యారేజ్’ అయింది. ఫ్లాట్‌ఫుటెడ్ ‘ఆఫ్‌గార్డ్’ అయింది. అటాక్ ఆఫ్ ఆపర్చునిటీ ‘రియాక్టివ్ స్ట్రైక్’ అయింది. మంచి, చెడు అలైన్‌మెంట్లు పోయాయి, ఎనిమిది మంత్ర శాఖలు పోయాయి, రంగుల డ్రాగన్లు, లోహాల డ్రాగన్లు పోయాయి. ఇరవై ఏళ్లుగా నోట్లో నానిన మాటలు. నా టేబుల్ దగ్గర ఇప్పటికీ సగం మంది ఫ్లాట్‌ఫుటెడ్ అనే అంటారు, నేను సరిదిద్దను.

ఒక ఎడిటర్‌గా చెప్తున్నాను, అది మామూలు పని కాదు. వెతికి మార్చే బటన్ నొక్కితే అయిపోదు. ఒక పేరు మారితే దాన్ని వాడిన ప్రతి స్టాట్ బ్లాక్ (జీవి బలాబలాల పట్టిక), ప్రతి ఇండెక్స్ ఎంట్రీ, ప్రతి టేబుల్ మారాలి.

#12 కొత్తపాచిక

అందరికీ థాంక్సండీ, ఇప్పుడు తల కాస్త తెరుచుకుంది. ఒక ప్రశ్న. ఎస్ఆర్‌డీ 5.1ని తెలుగులోకి అనువదించి పెట్టొచ్చా? మా చెల్లికి ఇంగ్లీష్ రూల్స్ చదవాలంటే బెరుకు. తెలుగులో ఉంటే తనే డంజన్ మాస్టర్ అవుతానంటోంది.

#13 తూకంరాయి

నిశ్చింతగా పెట్టొచ్చు. సీసీ బై 4.0 అనువాదానికి, మార్పులకి, అమ్మకానికి కూడా అనుమతిస్తుంది. మీరు చేయాల్సినవి కొన్నే. ఎస్ఆర్‌డీ 5.1 మొదట్లో వాళ్లు ఇచ్చిన అట్రిబ్యూషన్ వాక్యాలు పెట్టండి, లైసెన్స్ లింక్ ఇవ్వండి, అనువదించాం, మార్చాం అని చెప్పండి. విజార్డ్స్ దీన్ని ఆమోదించారు అన్నట్టు అనిపించకూడదు. డీ అండ్ డీ లోగో జోలికి వెళ్లొద్దు, ట్రేడ్‌మార్క్ ఈ లైసెన్స్‌లో లేదు. ‘5ఈ కంపాటిబుల్’ (ఐదో ఎడిషన్‌కి సరిపోతుంది) అని వేసుకోవడానికి మాత్రం ఆ డాక్యుమెంట్‌లోనే అనుమతి ఉంది. పాత ఓజీఎల్‌లో ట్రేడ్‌మార్క్ పేరు పెట్టి మాది ఫలానా ఆటకి సరిపోతుంది అని చెప్పనని ఒప్పుకోవాల్సి వచ్చేది. అందుకే పాత అట్టల మీద ‘ప్రపంచపు అతి గొప్ప రోల్‌ప్లేయింగ్ గేమ్ కోసం’ అని చుట్టు తిప్పి రాసేవారు.

ఈ ఆటకి 2024లో వచ్చిన కొత్త రూల్స్ కావాలంటే ఎస్ఆర్‌డీ 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో సీసీ బై కిందే వచ్చింది.

#14 గ్రిడ్‌లైన్

తెలుగు అనువాదం మొదలుపెడితే నన్నూ కలుపుకోండి. హిట్ పాయింట్స్‌కి ‘ప్రాణబలం’ బాగుంటుంది. సేవింగ్ త్రోని (ఆపద తప్పించుకోవడానికి వేసే పాచిక) అలాగే ఉంచేద్దాం, ఎన్నిసార్లు ప్రయత్నించినా దానికి నా నాలుక ఒప్పుకునే మాట దొరకలేదు.

#15 తూకంరాయి

చివరిగది గారూ, అసలు విషయం అడగడం మర్చిపోయాం. మీ సెక్షన్ 15లో ఐదు లైన్లు ఉన్నాయన్నారు. మొదటిది ఓజీఎల్‌ది, రెండోది ఎస్ఆర్‌డీది, ఐదోది మీది. మూడు, నాలుగు ఎవరివి?

#16 చివరిగది

మంచి ప్రశ్న. ఇప్పుడే తీసి చూశాను. మూడోది ఒక చిన్న మాన్‌స్టర్ల పీడీఎఫ్. రెండో అంతస్తులో, పద్నాలుగో గదిలో తడి ఇసుకతో చేసిన కాపలా మనిషి ఉంటాడు, దెబ్బ కొడితే రెండుగా చీలతాడు. ఆ స్టాట్ బ్లాక్ అందులోంచే తీసుకున్నాను. నాలుగోది ఉచ్చుల సేకరణ, దాంట్లోంచి గొలుసు తెగితే నీళ్లు నిండే ట్రాప్ ఒకటి.

#17 తూకంరాయి

అక్కడే ఉంది మెలిక. ఎస్ఆర్‌డీని సీసీ కింద ఇచ్చింది విజార్డ్స్, ఎందుకంటే దాని హక్కుదారు వాళ్లు. ఇసుక మనిషి హక్కుదారు ఇంకొకరు, ఆయన ఓజీఎల్ కింద మాత్రమే ఇచ్చారు. మీరు మీ ఇష్టంతో దాన్ని సీసీకో ఓఆర్‌సీకో మార్చలేరు. రాసినవాళ్లే మార్చాలి. చాలామంది ఇది చూసుకోకుండా చివరి పేజీ చింపేసి, సీసీ వాక్యం అతికించి, పని అయిపోయిందనుకుంటారు.

మీ ముందు మూడు దారులున్నాయి. ఓజీఎల్ పేజీ అలాగే ఉంచొచ్చు, ఈ రోజుకి అది చెల్లుతుంది. లేదా వాళ్లని అడిగి సీసీ కింద అనుమతి రాతలో తీసుకోండి. లేదా ఆ రెండింటినీ తీసేసి సొంతంగా రాసుకోండి. రెండు లైసెన్సులూ ఒకే పుస్తకంలో పెట్టడానికి అడ్డు లేదు, కానీ ఏ ముక్క దేని కిందో గది గదికీ చూపించాలి. 48 పేజీల పుస్తకానికి అంత బరువు వద్దు.

సొంతంగా రాస్తే పేరు మార్చి, అంకెలు ఉంచేయడం కాదు. ఆ ఫైల్ మూసేసి, ఆ గదిలో ఏం కావాలో ఖాళీ కాగితం మీద మొదలుపెట్టండి.

#18 పాతకోట

ముందు అడిగి చూడండి. ఈ ఆటలో మనుషులు మంచివాళ్లు, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. నా అనుభవంలో ఒక్కరూ కాదనలేదు.

#19 చివరిగది

మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఇద్దరికీ మెయిల్ పెట్టాను. ఇసుక మనిషిని రాసిన ఆయన అదే రోజు జవాబిచ్చారు. తన పీడీఎఫ్ మొత్తాన్ని సీసీ బై కింద మళ్లీ పెట్టేశారు. తన జీవి ఆరేళ్లుగా ఎవరి గదిలోనో కాపలా కాస్తోందని తెలిసి సంతోషించారు. పాతకోట గారి మాట నిజమైంది. ఉచ్చుల సేకరణ సైట్ ఇప్పుడు లేదు, మెయిల్ తిరిగొచ్చింది. ఆ ట్రాప్ తీసేశాను.

దాని చోట కొత్తది రాయడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఆ గదిలో నీళ్లు పైనుంచి రావు. నేలలో ఉన్న పలకల సందుల్లోంచి ఊరతాయి, మొదట చెప్పులు తడుస్తాయి, ఆటగాళ్లు అది పట్టించుకోరు. టేబుల్ దగ్గర ఆడి చూశాం, మోకాళ్ల దాకా వచ్చేవరకు ఒక్కరికీ అనుమానం రాలేదు. పాతదానికంటే ఇదే బాగుంది. ఈ ట్రాప్ రూల్స్‌ని, నా ఇతర మెకానిక్స్‌ని కూడా సీసీ బై కిందే ఇస్తున్నాను. కథ, మ్యాపులు నావే. గొలుసు తెగిపోతుందని పాతకోట గారు బాధపడ్డారు కదా, లైసెన్స్ అడగకపోయినా నేను ఇస్తాను.

చివరి పేజీ ఇప్పుడు ఏడు లైన్లే, అక్షరాలు చదివేంత పెద్దవి. ఎస్ఆర్‌డీ 5.1 అట్రిబ్యూషన్, మార్పులు చేశామన్న మాట, ఇసుక మనిషి రాసినవారి పేరు, ఆయన లైసెన్స్, నా లైసెన్స్. దాని కింద, ఏ లైసెన్సూ అడగకపోయినా, ఇంకో లైన్ పెట్టాను: ‘2019 ముద్రణలో నీటి గది ఉచ్చు మరొకరి రచన, వారికి కృతజ్ఞతలు.’ పక్కనే వారి పేరు పాత సెక్షన్ 15లో ఉన్నదున్నట్టు రాశాను.

#20 కొత్తపాచిక

విడుదలయ్యాక లింక్ పెట్టండి చివరిగది గారూ. చెల్లి మొదట నడిపేది మీ బావే అట. నీటి గది సంగతి తనకి చెప్పలేదు, పుస్తకంలోనే చదవనిస్తాను.